పుస్తకములోని బొమ్మ – పలువురి చేతిపని

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు వచ్చిన పాఠకుడు బీరువా తలుపు తెరచి పుస్తకమును చేతిలోనికి తీసికొనగనే మొట్టమొదట చూచునది అక్షరము కాదు, అట్టమీది బొమ్మ. ఆ బొమ్మను చూచియే పుస్తకమును ఇంటికి తీసికొనిపోవలయునా, మరల బీరువాలో పెట్టవలయునా అని సగము నిశ్చయించుకొనును. అట్లు నిశ్చయింపజేసిన మనిషి పేరు మాత్రము ఆతనికి తెలియదు. గ్రంథాలయపు రిజిస్టరులో గ్రంథము పేరు, గ్రంథకర్త పేరు, ప్రకాశకుల పేరు, వెల, పుటల సంఖ్య అన్నియు వ్రాయబడును. బొమ్మ వేసినవాని పేరునకు గడి లేదు. ఇట్టి పండుగనాడు గ్రంథకర్తలను తలచుకొనుట ఎట్లును జరుగును. పుస్తకములకు బొమ్మలు వేయువారు ఇతరులతో కలిసి ఆ పని ఎట్లు చేయుదురో కొంత చెప్పుకొనుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము. నేడు గ్రాఫిక్ డిజైనరు అని పిలువబడు వృత్తి ఇదియే. పేరు కొత్తది గాని పని పాతదే.

చిత్రకళ యనగనే ఏకాంతమున కూర్చుండి తన మనసునకు తోచినట్లు కుంచె నడుపు ఒంటరి మనిషి చాలమంది కన్నులకు కట్టును. అట్టివారు లేకపోలేదు. 1897 లో జన్మించి, 1925 లో చిన్నవయసుననే మరణించిన దామెర్ల రామారావుగారి పేర రాజమహేంద్రవరమున చిత్రశాలయే వెలసినది. ఆయన బొమ్మలు ఆయన బొమ్మలే. వానికి కథ చెప్పిన మరియొకడు లేడు. పుస్తకమునకు వేయు బొమ్మ అట్లుగాదు. అది పలువురు మోయవలసిన బరువు.

కోనసీమవారికి ఈ మాట వేరుగ బోధింప నక్కరలేదు. కనుమనాడు జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల రుద్రులు ప్రభలమీద తరలివత్తురు గదా! ఒక ప్రభను కట్టుటకు వెదురు తెచ్చువా డొకడు, చట్రము బిగించువా డొకడు, రంగుగుడ్డలు అమర్చువా డొకడు, గంటలు కట్టువా డొకడు. తుదకు దానిని భుజములకెత్తుకొని చేల గట్లమీదను కౌశికలోను నడచువారు వేరొకరు. ఆ ప్రభను ఎవరు చేసిరని అడిగినయెడల ఊరి పేరే చెప్పుదురు. 2023 గణతంత్రదినమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశపు శకటముగ ఊరేగినదియు ఈ ప్రభల తీర్థమే. ఎత్తు ఎంత యుండవలెను, ఏ రంగు పైన, ఏ రంగు క్రింద అనునది ముందుగా ఒకడు మనసులో కట్టుకొననిదే ప్రభ నిలువదు. మోయువారి భుజముల బలమెంతయో వాడెరుగనిచో కట్టిన ప్రభ కదలనే కదలదు. ఈ రెండును తెలిసినవాడే డిజైనరు. కాగితముమీద పనిచేయు డిజైనరు ఎరుగవలసినవియు ఇట్టివే.

తెలుగువారిలో ఈ పనికి ఉదాహరణము చెప్పవలసివచ్చినచో బాపు, రమణ అను రెండు పేర్లు కలిసియే నోటికి వచ్చును. ముళ్ళపూడి వెంకటరమణగారు 1931 జూన్ 28 న ధవళేశ్వరమున జన్మించిరి. సత్తిరాజు లక్ష్మీనారాయణగారు – బాపు అన్ననే గాని లోకము గుర్తింపదు – 1933 డిసెంబరు 15 న నరసాపురమున జన్మించిరి. ఒకరు గోదావరి పాయలుగ చీలుచోట, ఒకరు ఆ పాయ కడలిని చేరుచోట. ఇద్దరును బాల్యమున మద్రాసులో స్నేహితులైరి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు నడిపిన ‘బాల’ పత్రికలో ఇద్దరి తొలి యత్నములును వెలువడినవి. బాపుగారు న్యాయశాస్త్రమున పట్టము పుచ్చుకొనియు కుంచెనే పట్టుకొనిరి. పత్రికలకు వ్యంగ్యచిత్రములు, కథలకు బొమ్మలు, గ్రంథములకు ముఖపత్రములు, వాణిజ్య ప్రకటనలు వేసి, పిమ్మట సినిమా దర్శకులైరి. 2013 లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుద మిచ్చినది. రమణగారు 2011 లోను, బాపుగారు 2014 లోను చెన్నైలో కీర్తిశేషులైరి.

వారి స్నేహమునుగూర్చి చాల వ్రాయబడినది. అది గొప్పదే. అయినను స్నేహ మొక్కటియే పనిని నడుపజాలదు. ప్రాణస్నేహితులు కలిసి వ్యాపారము పెట్టి పలుకులు మానుకొన్న ఊళ్ళు ఏ మండలమునందైనను కలవు. కనుక స్నేహమును ప్రక్కనబెట్టి పనిని చూడవలెను. అందుకు ‘బుడుగు’ చాలును.

‘బుడుగు’ 1950 ల దశకమున ఆంధ్రపత్రిక వారపత్రికలో వెలువడి, పిదప పుస్తకమైనది. అందు మాటలాడువాడు చిన్నపిల్లవాడు. పిల్లవాడు తన ముక్కు ఎట్లుండునో, తన జుట్టు ఎట్లుండునో తానై చెప్పుకొనడు. లోకము తనకెట్లు కనబడుచున్నదో చెప్పును. కనుక కథానాయకుని రూపము గ్రంథములోని మాటలలో దాదాపుగ లేదు. ఇతరుల విషయమునను రచయిత ఇచ్చినవి గుప్పెడు గుర్తులే. రెండుజళ్ళ సీత యనును. ఆ రెండు జడలు తప్ప తక్కినది చిత్రకారునికి విడిచిపెట్టెను. లావుపాటి పక్కింటి పిన్నిగారి మొగుడు అనును; పిల్లవాని కంటికి పొరుగింటి పెద్దమనిషి అంతకంటె ఎక్కువగ కనబడడు. సీగాన పెసూనాంబ యనును. పేరు వినగనే నవ్వు వచ్చును గాని ముఖము తెలియదు. ఈ ముఖములన్నిటిని బాపుగారు కల్పించిరి. ఇప్పుడు పుస్తకము చదివినవారిని బుడుగు ఎట్లుండునని అడిగినయెడల బాపుగారి గీతనే చెప్పుదురు. అది రమణగారి మాటయే అని భ్రమపడుదురు. ఇద్దరి పనియు ఎక్కడ అతుకుకొన్నదో కనబడకపోవుటకు కారణము, ఒకరు చెప్పినదానిని మరియొకరు మరల చెప్పకపోవుటయే.

ఇచ్చటనే ఈ వృత్తియొక్క ముఖ్యరహస్యము గలదు. బొమ్మ వేయువాడు మొదట పాఠకుడు. కథలో “ఆమె కిటికీ యొద్ద నిలుచుండి యేడ్చుచున్నది” అని యున్నచో, కిటికీ యొద్ద నిలుచుండి యేడ్చుచున్న స్త్రీని వేసిన బొమ్మ పాఠకునకు క్రొత్తగ నిచ్చున దేమియు లేదు. పుట నిండును, అంతియే. మంచి చిత్రకారుడు ఆ కిటికీవెలుపల ఏమున్నదని ఆలోచించును. వీధిలో పోవుచున్న జట్కాను వేయవచ్చును; నేలమీద పడిన ఉత్తరమును వేయవచ్చును. రచయిత చెప్పక విడిచినదానిని వెదకి పట్టుకొనవలెను. అట్లని రచయితతో కలహించు బొమ్మయు కూడదు. కథలో బీదరాలైన పిల్లకు బొమ్మలో పట్టుచీర కట్టిన చిత్రకారులు కలరు. వారు కథ చదువలేదనుట స్పష్టము. ఇట్టివి వారపత్రికలలో పెక్కు కనబడినవి.

వారిని పూర్తిగ నిందించుటయు న్యాయము గాదు. ధారావాహిక నవలకు బొమ్మ వేయువాని చేతికి ఆ వారపు భాగము మాత్రమే వచ్చును. ఒక్కొక్కప్పుడు అదియు రాక, సంపాదకుడు కథను రెండు వాక్యములలో చెప్పి రేపు ప్రొద్దుటికి బొమ్మ కావలెననును. మొదటి వారమున నాయికకు పొట్టి జడ వేసిన పిదప, తొమ్మిదవ వారమున రచయిత ఆమె జడ మోకాళ్ళ దాక వ్రేలాడుచున్నదని వ్రాసినచో చిత్రకారు డేమి చేయగలడు? అనుభవము గలవారు ఇందుకొక ఉపాయము కనిపెట్టిరి. మొదటి బొమ్మలో నిశ్చయముగ తెలిసినదానినే స్పష్టముగ గీసి, తక్కినదానిని నీడలోనో, వెనుకకు తిరిగిన ముఖములోనో దాచుదురు. పాఠకులు దానిని కళ యని మెచ్చుకొందురు, అది జాగ్రత్త.

కథ చదివిన పిమ్మట ఏ క్షణమును బొమ్మగ వేయవలెనను ప్రశ్న వచ్చును. హత్య జరిగిన కథలో హంతకుని చేతిలో కత్తిని మొదటి పుటలోనే చూపినచో రచయిత శ్రమ యంతయు వ్యర్థము. కనుక సంఘటనకు కొంచెము ముందుగనో, కొంచెము తరువాతనో ఆగవలెను. తలుపు తట్టుచున్న చేయి చాలును. తలుపు తెరచుట పాఠకుని పని. ఎన్నుకొన్న క్షణమును మొదట అగ్గిపెట్టె యంత కొలతలో, పెన్సిలుతో, నాలుగైదు విధముల గీసికొందురు. ఇంత చిన్నదిగ నేల గీయవలెను? చిన్న బొమ్మలో ముక్కులు, కన్నులు, నగలు పట్టవు. నలుపెక్కడ, తెలుపెక్కడ, చూపు ఎటు పోవును అనునవి మాత్రమే పట్టును. ఆ కొలతలో నిలువని బొమ్మ పెద్దది చేసినను నిలువదు. ఈ చిత్తుబొమ్మలనే రచయితకును సంపాదకునకును చూపుదురు. మాట పడవలసినది ఆ సమయముననే. సిరా ఆరిన పిదప మాటలు పెరుగును గాని బొమ్మ బాగుపడదు.

బొమ్మ ఎట్లుండవలెనో నిర్ణయించువారు మరి యిద్దరు కలరు. పాఠకులు వారినెన్నడు తలపరు. వారు బ్లాకు చేయువాడు, అచ్చువేయువాడు. ఆఫ్‌సెట్టు ముద్రణము వ్యాపింపక పూర్వము బొమ్మ అచ్చుపడుట యొక పెద్ద తతంగము. చిత్రకారుడు తెల్లని అట్టమీద నల్లని సిరాతో, అచ్చుకు కావలసిన కొలతకు ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో పెద్దదిగ వేసి యిచ్చును. బ్లాకు చేయువాడు దానిని ఫొటో తీసి చిన్నదిచేసి, కాంతి తగిలినచోట గట్టిపడు పూత పూసిన జింకు రేకుమీదికి దింపును. పిమ్మట ఆమ్లములో ముంచగ, గీతలున్న చోట్లు నిలిచి తక్కినది తినివేయబడును. ఆ రేకును కొయ్యముక్కకు కొట్టి, సీసపు అక్షరముల ఎత్తునకు సమము చేసి, అక్షరములతో పాటు చట్రములో బిగింతురు. ఇందు నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయ లేదు. ఛాయలు కావలెనన్నచో బొమ్మను సన్నని చుక్కలుగ విడగొట్టు హాఫ్‌టోను బ్లాకు చేయవలెను, దానికి ఖర్చెక్కువ. ముతక కాగితముమీద ఆ చుక్కలు సిరాతో పూడుకొనిపోయి ముఖములు మసిబారును.

బాపుగారి గీతను ఈ వెలుగులో చూడవలెను. కొన్నియెడల బొద్దుగ, కొన్నియెడల వెండ్రుక వలె సన్నగ సాగు నల్లని గీత, దాని చుట్టును విశాలముగ విడిచిన తెలుపు – ఇది చౌక కాగితముమీద, ట్రెడిల్ మిషనుమీద సైతము చెడని పద్ధతి. బుగ్గకు ఛాయ వేయక, బుగ్గయొక్క గుండ్రదనమును ఒక్క గీతలో తెచ్చిరి. కళ యనునది పైనుండి ఊడిపడునని తలచువారికి ఈ మాట రుచింపకపోవచ్చును; గీత అందముగ నుండుటకు అచ్చుయంత్రము విధించిన హద్దును గూడ ఒక కారణముగ చెప్పవలెను. బ్లాకు చేయువాని కష్టమెరిగినవాడు వానికి పని తగ్గించును. ఆ తగ్గింపులోనే తన బాణీ కుదిరినను కుదురును.

రంగు ముఖపత్రమునకు ఈ కష్టము ఇబ్బడియగును. రంగునకొక బ్లాకు, బ్లాకున కొకసారి కాగితము మిషనులోనికి. రెండవ రంగు వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినచో పెదవుల యెరుపు గడ్డముమీద పడును! సంక్రాంతికి ముంగిట ముగ్గువేయు ఆడువారు దీనిని సులభముగ గ్రహింపగలరు. ఒకరు చుక్కలు పెట్టుదురు, ఒకరు కలుపుదురు, పిల్లలు రంగులు నింపుదురు. చుక్కలు పెట్టినవారు వరుస తప్పినచో కలుపువారి నేర్పు అక్కరకు రాదు.

అక్షరములను గూర్చియు చెప్పవలెను. ముఖపత్రముమీద పుస్తకము పేరు వ్రాయుటయు బొమ్మ వేయువాని పనియే. సీసపు అక్షరములు కొన్ని కొలతలలోనే దొరకెడివి; అందుచేత పెద్ద అక్షరములను చేతితో గీయుట అలవాటైనది. తెలుగు అక్షరము మూడంతస్తుల మేడ. నడుమ అక్షరము, పైన తలకట్టు, గుడి, ఏత్వములు, క్రింద ఒత్తులు. ‘ఐ.పోలవరం’ అని వ్రాయుట సులభము. అందొక్క ఒత్తైనను లేదు, గీటు గీచినట్లు సమముగ కూర్చుండును. ప్రక్కనున్న ‘ముమ్మిడివరం’ అట్లుగాదు. మకారపు ఒత్తు క్రిందికి దిగి తన చోటడుగును. ‘మురమళ్ళ’, ‘ఎదుర్లంక’ – ప్రతి పేరునకును ఒక పేచీ. పేరు రెండు పంక్తులైనచో పై పంక్తి ఒత్తును క్రింది పంక్తి గుడియు ఒకదాని నొకటి పొడుచుకొనును. నేర్పరి ఆ తగవును చూచి భయపడడు. ఒత్తును సాగదీసి క్రింది అక్షరమునకు తోరణము చేయును. బాపుగారి చేతివ్రాత ఇట్టి సర్దుబాటులతో పుట్టి, తుదకు కంప్యూటరు అక్షరములుగ మారినది. నిత్యకల్యాణము జరుగు మురమళ్ళ వీరేశ్వరస్వామి సన్నిధికి వచ్చువారి శుభలేఖలలో ఎన్నిటిలో ఆ వ్రాత యుండునో! అయితే కంప్యూటరులోని అక్షరము ఎల్లచోట్ల ఒక్కటే. ప్రక్క అక్షరమును చూచి తాను ఒదుగుట దానికి తెలియదు.

ఒక్క మిత్రునితో గాక, ఒక సంస్థలో పలువురు కలిసి పనిచేసిన విధమునకు ‘చందమామ’ ఉదాహరణము. బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 1947 జూలైలో మద్రాసున ప్రారంభించిన ఈ పత్రిక తెలుగు, తమిళములతో మొదలై పెక్కు భాషలకు ప్రాకినది. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలు 1980 వరకు దాని సంపాదకభారము వహించిరి. కథ వ్రాయువారును బొమ్మ వేయువారును ఒక్క సంస్థవారే. ఎం.టి.వి. ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యగార్ల వంటి చిత్రకారులు దానికి పనిచేసిరి. తెలుగు పిల్లవాడు చూచిన బొమ్మనే ఇతర భాషల పిల్లలును చూచిరి. కాబట్టి ఆ బొమ్మలోని ఇల్లు, చెట్టు, వేషము ఏ ఒక్క సీమకును చెందినవై యుండరాదు, ఏ సీమవానికిని పరాయివిగ తోచరాదు. ఇది సులభమైన పని కాదు. శంకర్‌గారు వేసిన విక్రమార్కుడు కత్తి చేతబట్టి, శవమును భుజమున వేసికొని నడచుచుండగ, ఆతడు మా రాజే యని అందరును అనుకొనిరి. తమిళదేశమున 1924 లో పుట్టిన ఆ చిత్రకారుడు 2020 లో మరణించునాటికి ఆయన బొమ్మను ఎరుగని ఇల్లు తెలుగునాట అరుదు.

అందులో ఒక వింత కలదు. చందమామలో సంస్థవారు వ్రాసిన కథలకు రచయిత పేరు తరచు ఉండెడిది కాదు. బొమ్మ మూలను మాత్రము ‘చిత్ర’ అనియో, ‘శంకర్’ అనియో, ‘వపా’ అనియో సంతకముండెడిది. అక్షరములు కూడబలుకుకొను పిల్లలు ఆ సంతకములను పోల్చుకొని, ఇది వపా బొమ్మ, ఇది శంకర్ బొమ్మ అని పందెములు కట్టిరి. పెద్దల పుస్తకములలో అంతయు దీనికి తలక్రిందులు.

బాపుగారు సినిమాకు పోయిన పిమ్మట ఈ కలిసిచేయు పని వేరు రూపు దాల్చినది. ఆయన తొలి సినిమా ‘సాక్షి’ 1967 లో వచ్చినది. కథ రమణగారిది. దానిని స్టూడియోలోని అట్టయిండ్లలో తీయక, ఆత్రేయపురము మండలములోని పులిదిండి గ్రామమున తీసిరి. రేవు, పడవ, పడవ నడుపు అమాయకుడు – ఎదుర్లంక యొద్ద వంతెన పడక పూర్వము పంటుమీద యానాము దాటిన పెద్దలకు ఆ లోకమును వర్ణించి చెప్పవలసిన పని లేదు. కథకు బొమ్మ వేయునపుడు బాపుగారు రచయితకు తరువాతివారు. సినిమాలోనో, ఆయన వెనుక నింకను పెక్కుమంది కలరు. అందుచేత ప్రతి దృశ్యమును ముందుగనే కాగితముమీద బొమ్మగ వేసికొనెడివారు. కెమేరా ఎచ్చట నుండవలెను, మనిషి ఏ మూల నిలువవలెను, ఆకాశమెంత, నేల యెంత అనునవి ఆ బొమ్మలో నుండును. ఇది ప్రదర్శనకు వేసిన బొమ్మ కాదు, తోడి పనివారికి వ్రాసిన ఉత్తరము. నోటిమాటతో పదిమందికి చెప్పినచో పదిమంది పది విధముల గ్రహింతురు. బొమ్మను చూచి అందరు ఒక్కటే గ్రహింతురు. 1975 లో వచ్చిన ‘ముత్యాలముగ్గు’కు ఛాయాగ్రహణము చేసిన ఇషాన్ ఆర్యగారికి జాతీయ బహుమానము వచ్చినది. బొమ్మను గీసిన చేయి యొకటి, వెలుతురుతో దానిని నింపిన కన్ను మరియొకటి.

‘సాక్షి’ విషయమున గమనింపదగిన మరియొక సంగతి కలదు. అంతటి చిత్రకారుడై యుండియు బాపుగారు ఆ సినిమా ప్రచారపు పని పాలకొల్లు ప్రాంతపు యువకుడైన ఈశ్వర్‌గారికి అప్పగించిరి. ఈశ్వర్‌గారికి అది మొదటి సినిమా. అటుపిమ్మట దశాబ్దములపాటు తెలుగు సినిమా గోడపత్రికలకు ఆయన పేరు పెట్టినది పేరైనది. ఆయన తన వృత్తినిగూర్చి ‘సినిమా పోస్టర్’ అను గ్రంథమును గూడ రచించి, 2021 లో మరణించిరి. తనకు బాగుగ వచ్చిన పనిని మరియొకని చేతిలో పెట్టి తాను తప్పుకొనుట కలిసి పనిచేయుటలో మిక్కిలి కష్టమైన భాగము. గోడపత్రిక సంగతి వేరు. దానిని పరుగెత్తు బస్సులో కూర్చున్నవాడు రెప్పపాటులో చూడవలెను. పుస్తకపు బొమ్మవలె ఒడిలో పెట్టుకొని చూచునది కాదు.

కలిసి పనిచేయుట ఎల్లపుడును మేలే యని చెప్పుటకు వీలులేదు. ఇట్టి రజతోత్సవ సంచికకే ఒక డిజైనరును ముఖపత్రము వేయుమని అడిగిరనుకొనుడు. సంఘములో ఏడుగురు సభ్యులుందురు. ఒకరు సరస్వతీదేవి యుండవలెనందురు. ఒకరు భవనము, ఒకరు స్థలదాత ఛాయాచిత్రము, ఒకరు కొబ్బరిచెట్లు, గోదావరి, తెరచాప పడవ. వేరొకరు వెలుగుచున్న దీపము, తెరచిన పుస్తకము. ఇరువదియైదు అను అంకె యెట్లును తప్పదు. ఏడు కోరికలను ఒక్క అట్టమీద తీర్చినచో అది తిరునాళ్ళలోని అంగడివలె నుండును; ఏడుగురును సంతోషింతురు, చూచినవా డొక్కడును గుర్తుంచుకొనడు. అహంకారియైన డిజైనరు కోపించి లేచిపోవును. మెత్తనివాడు అన్నిటిని వేసి డబ్బు తీసికొని పోవును. పని తెలిసినవాడు ఈ రెండును చేయక, ప్రశ్నలడుగును. ఈ సంచికను ఎవరు చేతబట్టుదురు? పదియేండ్ల పిమ్మట బీరువాలో దీని వీపు మాత్రమే కనబడునప్పుడు దేనినిబట్టి గుర్తింపవలెను? ఏడింటిలో ఏది తీసివేసినచో ఇది ఈ ఊరి సంచిక కాకుండ పోవును? ప్రశ్నలకు సభ్యులే సమాధానము చెప్పుకొనుచు, చెప్పుకొనుచు, తమ కోరికలను తామే ఒక్కొక్కటిగ విరమించుకొందురు. పిమ్మట అగ్గిపెట్టె యంత చిత్తుబొమ్మలు మూడు బల్లమీద పెట్టును. స్థలదాత ఛాయాచిత్రము లోపలి పుటలో గౌరవముగ చేరును. తెగని చోట సంపాదకుని మాటయే తుదిమాట కావలెను. అందరి మాటయు నెగ్గిన బొమ్మలో ప్రాణ ముండదు.

కంప్యూటరు వచ్చిన పిమ్మట జింకు రేకులు, ఆమ్లపు తొట్లు పోయినవి. రచయిత హైదరాబాదులోను, బొమ్మ వేయువాడు అమలాపురములోను, అచ్చు విజయవాడలోను ఉండియు ఒక్క పూటలో పని ముగింపవచ్చును. దిద్దుబాటు సులభమైనది. సులభమైనందువలననే దిద్దుబాటున కంతము లేకపోయినది. పూర్వము బ్లాకునకు అయిన ఖర్చునకు జడిసి, బొమ్మ ఒప్పుకొనుటకు ముందే నలుగురును కూర్చుండి శ్రద్ధగ చూచెడివారు. ఇప్పుడు ఆకుపచ్చ కొంచెము తగ్గింపుడు, ముఖము కొంచెము పెంచుడు అని అర్ధరాత్రివరకు కబురులు పంపుదురు. ఖర్చు లేని అభిప్రాయము చౌకయగును. ఈ వృత్తిలోనికి రాగోరు ఊరి యువకులు, యువతులు మొదట నేర్చుకొనవలసినది కంప్యూటరు గాదు; కథను చదువుట, ఎదుటివాడు చెప్పునది వినుట. మొదటిదానికి గ్రంథాలయ మున్నది.

ఇక గ్రంథాలయములో జరుగుచున్న ఒక నష్టమును చెప్పవలెను. పుస్తకము నలిగినపుడు బైండింగునకు పంపుదురు. బైండరు మొట్టమొదట చేయు పని చినిగిన ముఖపత్రమును లాగి పారవేయుట. పిమ్మట గట్టి అట్ట వేసి, వీపున గుడ్డ అంటించి, అంకె వేసి పంపును. పుస్తకము బ్రతుకును, బొమ్మ చచ్చును. ఎమెస్కో, నవోదయవారి పుస్తకములకు బాపుగారి వంటి చిత్రకారులు వేసిన ముఖపత్రము లెన్నియో తెలుగునాట గ్రంథాలయములలో ఈ విధముగనే మాయమైనవి. దోషము బైండరుదనుటకు వీలులేదు. ఉంచుమని ఆతనికి చెప్పినవారు లేరు.

భారతదేశపు గ్రంథాలయ శాస్త్రమునకు మూలపురుషుడైన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు తమ సూచీకరణ నియమములలో గ్రంథకర్తతో పాటు ‘సహకారి’ అను వర్గమును చెప్పిరి. అనువాదకుడు, సంపాదకుడు, బొమ్మలు వేసినవాడు – వీరందరు ఆ వర్గమువారు. నియమము 1930 ల దశకమునుండి గ్రంథములో నున్నది. గ్రామములలోని రిజిస్టర్లకు చేరలేదు. చేర్చుటకు పెద్ద వ్యయము లేదు. రిజిస్టరులో గ్రంథకర్త గడికి ప్రక్కన ఒక గడి గీయవలెను. ముఖపత్రముమీదనో, లోపలి పుటలోనో, బొమ్మ మూలనో వెదకినచో పేరు దొరకును. ‘బుడుగు’ వంటి పుస్తకమునకు ఎట్లు వ్రాయవలెనో చెప్పనక్కరలేదు: రచన ముళ్ళపూడి వెంకటరమణ, బొమ్మలు బాపు. సంతకమును పోల్చుటలో పెద్దలకంటె బడిపిల్లలు చురుకైనవారు. సెలవుదినములలో ఈ పనిని వారికే అప్పగింపవచ్చును. బైండింగునకు పంపవలసిన పుస్తకముల ముఖపత్రములను ముందుగనే జాగ్రత్తగ ఊడదీసి, చినుగులను పలుచని కాగితముతో అంటించి, క్రొత్త అట్ట లోపలి వైపున అతికింపుమని బైండరుతో చెప్పవలెను. ఈ బీరువాలలో నలిగి, బైండరుకొరకు వేరుగ పెట్టిన పుస్తకములున్నచో వానితోనే మొదలుపెట్టవచ్చును.